చాకు ఒక్కటే చాలమ్మా, మొహం వస్తుంది

అమ్మడూ,

నువ్వు పంపిన మూడు ఫోటోలూ రాత్రే చూశాను, పొద్దున్న లేచి వెలుతుర్లో ఇంకోసారి చూశాను. "ఎన్నిసార్లు చెక్కినా మనిషి మొహంలా రావట్లేదు పెదనాన్నా, చపాతీ మీద కళ్ళూ ముక్కూ పెట్టినట్టుంది" అని రాశావు. ఉన్న మాటే రాశావు. కానీ నీ చెయ్యి బాగుంది. కోతలు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా కంగారు పడి చీల్చెయ్యలేదు, మొదటి మూడు నెలల్లో నాకు అంత ఓపిక లేదు. లోపమంతా నువ్వు చూసే పద్ధతిలో ఉంది. కన్నంటే బాదం ఆకారం, నోరంటే ఒక గీత, ముక్కంటే రెండు గీతలు అనుకుని, పెన్సిల్‌తో గీసి, ఆ గీతల్ని చాకుతో తవ్వావు. చెక్కలో మొహం గీతలతో రాదమ్మా, లోతుతో వస్తుంది. ఎక్కడ వెలుతురు పడుతుందో ఎక్కడ నీడ పడుతుందో, ఆ ఎత్తుపల్లాలే మొహం. ఈ ఉత్తరంలో ఏం చెప్పినా ఈ మాట చుట్టూనే తిరుగుతాను, ఓపిగ్గా చదువు.

మన కొండపల్లి బొమ్మల మధ్య పెరిగావు కదా, ఆ అలవాటు నీకు అక్కడినుంచే వచ్చి ఉంటుంది. అక్కడ తెల్ల పొణికి కర్రని చెక్కుతారు, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతపిక్కల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, కళ్ళూ కనుబొమ్మలూ పెదాలూ మాత్రం చివర్లో కుంచెతోనే దిద్దుతారు. ఆ బొమ్మ నవ్వుతోందంటే అది కుంచె పనితనం. చాలా గొప్ప విద్య అది, కానీ నువ్వు పెట్టుకున్న పని వేరు. నీకు రంగు లేదు, ఉలి లేదు, చేతిలో ఒక్క చాకే. కంటి నలుపు కూడా నీడతోనే తేవాలి.

ముందు కర్ర మార్చు. ఫర్నిచర్ షాపులో మిగిలిన టేకు ముక్క తెచ్చుకున్నానన్నావు. టేకు మంచి కర్రే, కానీ చాకు పనికి కాదు, అందులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదును ఇట్టే పోతుంది, చేతులు నొప్పెట్టి విసుగొస్తుంది. మన ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే అంకుడు కర్రా, మీ బెంగుళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో చన్నపట్నంలో వాళ్ళు ఆలె మర అనే కర్రా ఒకే జాతి చెట్టువి. తెల్లగా, నున్నగా, నార కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఒక ఆదివారం వెళ్ళి బాగా ఆరిన ముక్కలు అడిగి తెచ్చుకో. పొణికి ఇంకా మెత్తన, మొదట్లో రూపం కట్టడానికి హాయిగా ఉంటుంది గానీ కనురెప్పలాంటి సన్నటి అంచు దగ్గర పొడిపొడిగా రాలిపోతుంది. ఆన్‌లైన్‌లో బాస్‌వుడ్ అని అమ్ముతారు, అదీ చక్కటిదే. ఏది తెచ్చుకున్నా కొమ్మ నడిమధ్య గుజ్జు ఉన్న ముక్క మాత్రం వద్దు, ఆరేకొద్దీ అక్కడినుంచే పగులు వస్తుంది, మొహం మీదుగా పోతుంది.

చాకు గురించి చాలామంది చాలా చెబుతారు, నేను రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అంగుళంన్నర అలుగు, తిన్నటి అంచు, సన్నటి మొన, పిడికిలి నిండే పిడి. ఖరీదైనది అక్కర్లేదు, పదునే ముఖ్యం. మెత్తటి కర్రకి మొండి చాకు చాల్లే అనుకుంటారు, అది పెద్ద పొరపాటు, కర్ర ఎంత మెత్తనైతే చాకు అంత పదునుగా ఉండాలి, లేకపోతే కోసే బదులు నలిపేస్తుంది. ముక్క చివర నారకి అడ్డంగా ఒక పొర కోసి చూడు, కోసిన చోటు మెరిస్తే సరే, తెల్లటి చారలు పడితే అంచులో గంటు ఉన్నట్టు. పాత తోలు బెల్టు ముక్కని చెక్కపట్టీకి అతికించి, పాలిషింగ్ ముద్ద రాసి పక్కన పెట్టుకో. అరగంటకోసారి చాకుని దాని మీద వెనక్కి, అంటే పదునంచు వెనకబడేట్టు లాగు. ముందుకి తోస్తే తోలు తెగుతుంది. ఇది క్రమంగా చేస్తే సానరాయి దాకా ఎప్పుడో గానీ వెళ్ళక్కర్లేదు.

చేతుల మాట కూడా చెప్పాలి, నీకు వినాలని లేకపోయినా. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి చూసేదానివి, గుర్తుందా? అది మొండి చాకుతో బలం పెట్టి తోసినప్పుడు జారి తెగింది, మూడు కుట్లు పడ్డాయి, నెల రోజులు పని మూలపడింది. అందుకే ఎడమ చేతికి కోత తట్టుకునే గ్లౌజు వేసుకో, అయినా అది మొన గుచ్చుకోకుండా ఆపలేదని గుర్తుపెట్టుకో. కుడి బొటనవేలికి సైకిల్ ట్యూబ్ ముక్క తొడుగు. మోచేతులు పక్కటెముకలకి ఆనించుకుని, చాకుని భుజంతో కాకుండా వేళ్ళతో నడుపు, అప్పుడు అది జారినా అంగుళం మించి పోదు. చేతిలోంచి పడిపోతే పడనివ్వు, పట్టుకోబోకు. ఎప్పుడైనా ఒత్తిడి ఎక్కువ పెట్టాల్సి వస్తోందంటే ఆగి పదును చూసుకో.

ఇక అసలు సంగతికొస్తాను. రెండంగుళాల చదరం, ఆరంగుళాల పొడవు ముక్క తీసుకో, నార నిలువుగా, అంటే నుదుటి నుంచి గడ్డం వైపు ఉండాలి. పై మూడంగుళాల్లో మొహం, కింది మూడంగుళాలు పట్టుకోవడానికి. నువ్వు ఇప్పటిదాకా చదునైన పక్కని నీ వైపు పెట్టుకుని చెక్కావు, చపాతీ రావడానికి సగం కారణం అదే. ముక్కని తిప్పి మూల నీ వైపు పెట్టుకో. ఆ మూల అంచే ముక్కు. అప్పుడు రెండు చెంపలూ వాటంతటవే వెనక్కి వాలతాయి. నమ్మకం లేకపోతే నీ రెండు అరచేతులూ బుగ్గల మీద ఆనించి చూసుకో, చేతులు ఎదురుగా చదునుగా ఉండవు, చెవుల వైపు వాలి ఉంటాయి.

కొలతలు ఎక్కువ పెట్టుకోకు. మన శిల్పుల తాళమానంలో, అంటే విగ్రహాల కొలతల లెక్కలో, మొహం పొడుగు పన్నెండు అంగుళులు (ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, మొహంలో పన్నెండో వంతు ఒక అంగుళి), దాన్ని నాలుగేసి చొప్పున మూడు భాగాలు చేస్తారు: జుట్టు మొదలు నుంచి కనుబొమ్మల దాకా ఒకటి, అక్కడినుంచి ముక్కు కింది అంచు దాకా ఒకటి, అక్కడినుంచి గడ్డం దాకా ఒకటి. నీ మూడంగుళాల మొహానికి ఒక్కో భాగం ఒక్కో అంగుళం, సులువుగా ఉంది కదా. నోటి గీత ఆ కింది భాగంలో పైనుంచి మూడో వంతు దగ్గర. కళ్ళు మాత్రం తల మొత్తం ఎత్తులో, అంటే నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తవాళ్ళందరూ కళ్ళు పైన పెట్టేస్తారు, నీ మూడు ఫోటోల్లోనూ అదే ఉంది. రెండు కళ్ళ మధ్య ఒక కన్ను పట్టేంత చోటు వదులు.

మూల అంచు మీద ముక్కు కింద అడ్డంగా చాకు నిలువుగా దింపు, తర్వాత కిందినుంచి ఏటవాలుగా పైకి కోసుకురా, పెచ్చు దానంతటదే ఊడి పడుతుంది. కనుబొమ్మల దిగువన ముక్కు మొదట్లో రెండు వైపుల నుంచీ ఏటవాలు కోతలు వేసి గంటు చెయ్యి. ఆ తర్వాత ముక్కుకి రెండు పక్కలా ఉన్న కర్రని తీసెయ్యి. ఇక్కడే నువ్వు భయపడతావు, నాకు తెలుసు, అందరూ భయపడతారు, తీసేస్తే మళ్ళీ అతికించలేం కదా అని. ఈ కొలత మొహంలో ముక్కు మొనకీ పక్కన చెంపకీ మధ్య పావంగుళం కంటే ఎక్కువే తేడా ఉండాలి. నీ దానిలో అందులో సగం కూడా లేదు. ధైర్యంగా తియ్యి. ఒక ముక్క పోతే పోయింది, ఇంకో ముక్క తెచ్చుకుందాం. చాకుతో ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికే కొయ్యి, నార లేస్తున్నట్టనిపిస్తే వెంటనే ఆపి ఎదుటి వైపు నుంచి రా.

కన్ను. దీనికి ఎంత టైమ్ పడితే అంత ఇవ్వు. ముందు కన్ను చెక్కనే చెక్కకు, కంటి గుంట చెక్కు. కనుబొమ్మ ఎముక కింద రెండు ఖాళీ గుంటలు. గుంటకి గుండ్రటి ఉలి ఉంటే సుఖం, నీకు లేదు కాబట్టి చాకు మొనని వంపుగా తిప్పుతూ గోరంత గోరంత పెచ్చులు తియ్యాలి, చాలాసేపు పడుతుంది. మొనతో పెచ్చుని పైకి పెకిలించకు, కర్ర చిరుగుతుంది, మొనా విరుగుతుంది. లోతు చాలిందో లేదో తెలియడానికి నీ కన్ను మూసుకుని ఒక పెన్సిల్‌ని నిలువుగా కనుబొమ్మకీ చెంప ఎముకకీ ఆనించి చూడు, మామూలుగా అది కంటిని నొక్కదు. బొమ్మలోనూ పెన్సిల్ అలాగే ఆనాలి. గుంట అడుగున కనుగుడ్డుకి సరిపడా చిన్న ఉబ్బు మిగుల్చుకో, గోళీ సగం పాతినట్టు. అది నున్నగా గుండ్రంగా వచ్చాకే రెప్పల గీతలు పెన్సిల్‌తో గీసుకో. పై రెప్ప గీత వెంట చాకు నిలువుగా దింపు, కింది రెప్ప వెంట దింపు, రెండు కొసల్లోనూ మూడు మూలల చిన్న పెచ్చు తియ్యి, ఆ తర్వాత రెప్పల మధ్య ఉన్న గుడ్డుని కొంచెం కొంచెంగా లోపలికి చెక్కుకుంటూ వెళ్ళు. పై రెప్ప కింది దానికంటే ముందుకి ఉండాలి, దాని నీడ గుడ్డు మీద పడినప్పుడే చూపు వస్తుంది. బయటి కొస లోపలి కొస కంటే వెనక్కి ఉంటుంది, ఇది మర్చిపోతే కళ్ళు అతికించినట్టుంటాయి. నల్లగుడ్డు కోసం గుండ్రంగా తవ్వకు, అవసరం రాదు.

నోరు దీనంత కష్టం కాదు. పెదాలు పళ్ళ వరుస మీద చుట్టుకుని ఉంటాయి, పళ్ళ వరుస వంపుగా ఉంటుంది, అందుకని నోటి కొసలు నడిమి కంటే బాగా వెనక్కి పోతాయి. కొసల్లో లోతుగా ఒక్కో పెచ్చు తీస్తే చాలు, సగం నోరు వచ్చేసినట్టే.

అసలు మొహం మొదలుపెట్టే ముందు ఒక నాలుగు పలకల కర్ర తీసుకుని నాలుగు పక్కలా కళ్ళే చెక్కు, ఒక్కో పక్కకి ఐదారు. సాయంత్రం ట్రాఫిక్‌లోంచి వచ్చి ఒళ్ళు అలిసినా ఒక్క కన్నైతే చెక్కగలవు. ట్యూబ్‌లైట్ ఆర్పేసి ఒక్క దీపం పక్కనుంచి పెట్టుకో, గదంతా వెలుగుంటే నీడలు చచ్చిపోతాయి, ఏం చెక్కుతున్నావో కనబడదు. మధ్యమధ్యలో బొమ్మని తలకిందులు చేసి చూడు, అద్దంలో చూడు, వంకర వెంటనే దొరుకుతుంది.

ఉప్పు కాగితం వెయ్యకు. చాకు అంచు వదిలిన చిన్న చిన్న పలకలు వెలుతురు పట్టుకుంటాయి, కాగితం రుద్దితే అవన్నీ మాసిపోయి మొహం సబ్బుబిళ్ళలా అవుతుంది. చివర్లో అవిసె నూనె పల్చగా రాస్తే చాలు. కానీ నూనె తుడిచిన గుడ్డని ఉండ చేసి మూల పడెయ్యకు, అది లోలోపల వేడెక్కి తనంతట అంటుకుంటుంది. నీళ్ళల్లో ముంచు, లేదా బయట పరిచి ఆరేయి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నావు, ఇది తప్పకుండా పాటించు.

నానమ్మ మొహం చెక్కాలని ఉందని ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం రాశావు. అది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ముసలి మొహంతో మొదలుపెట్టడం మంచిదే, ఎముకలు తేలి ఉంటాయి, ముడతలు దారి చూపిస్తాయి, వయసులో ఉన్న ఆడపిల్ల మొహంలో అయితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కానీ నువ్వు ముందు పెట్టుకున్నది ఆ పెళ్ళి ఫోటో, ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసింది, అందులో లోతు తెలియదు. అమ్మ వసారాలో పక్కకి తిరిగి కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఫోటో నా బీరువాలో ఉంది, సాయంత్రపు ఎండ బుగ్గ మీద పడుతూ ఉంటుంది. రేపు స్కాన్ చేయించి పంపిస్తాను. అమ్మ ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కొంచెం పైకి ఉండేది, ముక్కుపుడక బరువుకి ఆ వైపు ముక్కు రెక్క కాస్త కిందికి దిగేది. రెండు వైపులూ సమానంగా చెయ్యాలని చూడకు, ఆ తేడా అలాగే ఉంచు. ఈసారి ఫోటో తీసి పంపేటప్పుడు ఎదురుగా ఒక్కటే కాకుండా పక్కనుంచి ఒకటీ, గడ్డం కిందినుంచి పైకి చూస్తూ ఒకటీ తియ్యి.

మీ పెదనాన్న