94 దగ్గరే ఆగిందంటే గోడ జోలికి వెళ్లకు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ముప్పావుగంట మాట్లాడింది. అందులో అరగంట నీ గురించే. కింద హాల్లో మోడెం, పై గదిలో నువ్వు కొత్తగా కొన్న రూటర్, మధ్యలో గోడలోంచి వెళ్లే వైరు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే పైన 94 దాటడం లేదట. అందుకని శనివారం నువ్వే నిచ్చెన వేసుకుని, బయటి గోడ మీదుగా డాబా దాకా కొత్త వైరు లాగుతానన్నావట. ఇల్లు కట్టేటప్పుడు వైర్లు వేసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడికి ఇవ్వాల్సిన మిగతా డబ్బులు కూడా ఆపేశావట.

మా ఇంటి ఆడపిల్ల వైరు కొసకి కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ కొనుక్కుందని వినగానే నేనెంత పొంగిపోయానో మీ అమ్మకి తెలియదు. పైకి మాత్రం "దానికి నిచ్చెన ఎవరిచ్చారు?" అని కసిరాను. తర్వాత నిద్ర పట్టలేదు. నీకు ఫోన్ చేస్తే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ ఇంకో పక్క నీ పని నువ్వు చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

అన్నిటికంటే ముందు, బయటి గోడ మీద రాగి తీగ వద్దు. ఇందులో బేరాల్లేవు.

నీకు గుర్తుండదు, అప్పటికి నీకు ఐదేళ్లు. మే నెలలో సెలవులకి మా ఇంటికొచ్చారు. సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టి ఈదురుగాలి మొదలైంది. నువ్వు పీట ఎక్కి మీ నాన్నతో ఫోన్లో మాట్లాడి, రిసీవర్ పెట్టి, పీట దిగి, మామిడికాయ ముక్క కోసం వంటింట్లోకి పరిగెత్తావు. వెనకాలే చెవులు చిల్లులు పడేలా ఒక పిడుగు. హాల్లోకి వెళ్లి చూస్తే ఫోన్ అడుగుభాగం నల్లగా మాడిపోయి, గోడకున్న చిన్న పెట్టె మూత ఊడి కింద పడి ఉంది. పిడుగు పడింది మన ఇంటి మీద కాదు, కాలవ గట్టున కొబ్బరిచెట్టు మీద. అంత దూరంలో పడినా పొడవాటి రాగి తీగలో వోల్టేజీ పుట్టి ఇంట్లోకి వచ్చేస్తుంది. నేను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో, లైన్లన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ చట్రం మీద, పిడుగు వోల్టేజీని భూమిలోకి పంపే జీడీ ట్యూబులు ఉండేవి, కానీ అవి ఎక్స్ఛేంజీని కాపాడేవి. పీట మీద నిలబడ్డ పిల్లని ఎవరు కాపాడతారు? ఆ రోజు నుంచి మబ్బు పడితే చాలు, మీ అత్తయ్య నవ్వుతున్నా సరే, నేను ఇంట్లో అన్ని ప్లగ్గులూ పీకేస్తాను.

మీ ఇంటికి వచ్చే ఫైబరులో వెలుగు నడిచేది గాజులో. నువ్వు డాబా మీదుగా లాగుతానంటున్న ల్యాన్ వైరు మాత్రం అచ్చమైన రాగి. ఒక కొస మోడెంలో, రెండో కొస నీ బల్ల మీద. అది వద్దు. అలాగే కరెంటు వైర్లున్న పైపులోంచి కూడా లాగకు. ఇన్సులేషన్ ఎక్కడైనా గీసుకుపోతే కరెంటు ఎటు వస్తుందో చెప్పలేం. అది కాకపోయినా, పక్కపక్కనే నడిచే కరెంటు వైరు రొద సిగ్నల్లోకి చేరుతుంది.

ఇక నీ 94 సంగతి. ఆ అంకె విన్నప్పుడే నాకు సగం అర్థమైంది. ఫైబరులో లోపముంటే స్పీడు ఊగుతుంది, పొద్దున 210, సాయంత్రం 60 అలా. ఎప్పుడు చూసినా కదలకుండా 94 ఉందంటే, ఎక్కడో ఒకచోట రెండు పెట్టెలు ఒకదాన్నొకటి పలకరించుకుని వెయ్యికి బదులు వందకి ఒప్పుకున్నాయన్నమాట. వంద ఎంబీపీఎస్ లింకులో ప్రతి ప్యాకెట్ మీదా ఉండే చిరునామాల బరువు పోను మనకి మిగిలేది 94, 95. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లతో పోట్లాడితే అది పెరగదు.

ఆ ఒకచోటు ఏదో పట్టుకోవాలంటే నిచ్చెన అక్కర్లేదు. ల్యాప్‌టాప్ కిందకి తీసుకెళ్లి, మోడెంతో పాటు వచ్చిన చిన్న వైరుతో నేరుగా పెట్టి చూడు. అక్కడ 300 వస్తే మోడెం మంచిదే. అక్కడా 94 ఉంటే వైరు మోడెంలో ఇంకో పోర్టుకి మార్చు. కొన్ని పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్, అంటే వెయ్యిది, మిగతావి వందవే. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డాంగిల్ పెట్టి వైరు గుచ్చుతున్నావేమో, చవక డాంగిల్ చాలావరకు వందదే. తర్వాత నీ రూటర్. అట్ట మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది వైఫై లెక్క. వెనకున్న పోర్టు వందదైతే ఆ 1200 గాల్లో మాటే. సెట్టింగ్స్‌లో పోర్టు స్పీడు ఆటోలోనే ఉంచు, చేత్తో మార్చకు. ఇవన్నీ బాగుంటేనే గోడలో వైరుని అనుమానించాలి.

గోడలో వైరుకి ఎనిమిది తీగలు, నాలుగు జతలు. వంద స్పీడుకి నాలుగు తీగలు చాలు, కనెక్టర్లో 1, 2, 3, 6 స్థానాల్లో ఉండేవి. వెయ్యికి ఎనిమిదీ కావాలి. మిగతా నాలుగింట్లో ఒక్కటి ఊడినా లైటు వెలుగుతూనే ఉంటుంది, వీడియోలు వస్తూనే ఉంటాయి, స్పీడు మాత్రం వంద దగ్గర కూలబడుతుంది. రెండు కొసల్లో ఫేస్‌ప్లేట్లు, అంటే గోడకున్న సాకెట్ల మూతలు, విప్పి చూడు, నూటికి తొంభై సార్లు తప్పు అక్కడే ఉంటుంది. తీగని బ్లేడుతో కొంచెం గీరి కూడా చూడు. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. బజార్లో సీసీఏ అంటారు. రెండుసార్లు వంచితే విరుగుతుంది. మొత్తం ఎర్రగా ఉంటే ఆ కుర్రాడు మంచి వైరే వేసినట్టు. క్యాట్ 5ఈ రకం రాగి వైరైతే 100 మీటర్ల వరకు గిగాబిట్ పోతుంది. మీ ఇంట్లో కింద నుంచి పైకి ఎంత, పాతిక మీటర్లు ఉంటుందా?

తర్వాత టెస్టర్ పెడతావు, ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి, "వైరు బాగానే ఉంది" అనుకుంటావు. బుజ్జమ్మా, ఆ లైట్లు నన్ను ఎంత మోసం చేశాయో చెప్తాను.

2001లో సంగతి. మాకు దగ్గర్లో ఒక కాలేజీ వాళ్లు కంప్యూటర్ ల్యాబు పెట్టుకుంటూ, వైర్ల పని తెలిసినవాడు కదా అని నన్నడిగారు. ఆదివారాలు వెళ్లి చేశాను. ల్యాబులో సాయం చేసే కుర్రాడొకడు ఉండేవాడు, ఇరవై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం తన క్యారేజీలో అన్నం నాకూ పెట్టేవాడు. నేను చెప్పడం, వాడు క్రింప్ చేయడం. టెలిఫోన్ కేబుల్లో జతల వరస నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. బ్లూ, ఆరెంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్. జెల్లీ నింపిన టెలిఫోన్ కేబుల్ విప్పి వందల జతలు చేత్తో కలిపినవాణ్ణి. ఇక్కడున్నవి నాలుగే జతలు. బ్లూ జత 1, 2లో, ఆరెంజ్ 3, 4లో, గ్రీన్ 5, 6లో, బ్రౌన్ 7, 8లో పెట్టించాను. రెండు కొసలూ ఒకేలా. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ పెళ్లిపందిరిలా వెలిగాయి. అప్పుడు కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే పెట్టె పది ఎంబీపీఎస్ హబ్బు, పని నడిచిపోయింది. నాకు శాలువా కూడా కప్పారు.

మరుసటేడు దాని బదులు వంద ఎంబీపీఎస్ స్విచ్ తెచ్చి పెట్టారు. ముందు వరస కంప్యూటర్లు ఫర్వాలేదు. వెనక వరస, అంటే పొడుగు వైర్లున్నవి, నత్తనడక. ఫైలు కాపీ పెడితే మధ్యలో ఆగిపోయేది. నేను స్విచ్ పాడైందన్నాను, మార్చి వేరేది తెచ్చారు. అదీ అంతే. అప్పుడు ఇంక ఎవరు దొరుకుతారు? "వీడు సరిగ్గా క్రింప్ చేయలేదు" అని అందరి ముందూ ఆ కుర్రాడి మీద పడ్డాను. కనెక్టర్లన్నీ కోయించి, నా కళ్లముందే మళ్లీ వేయించాను, మళ్లీ నా వరసలోనే! పాడైన కనెక్టర్ల ఖర్చని వాడి జీతంలో 600 రూపాయలు పట్టుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, అడ్డు చెప్పలేదు.

ఆ వారంలోనే వాడు ఒక కంపెనీ వైరు తెచ్చి చూపించాడు. "సార్, దీంట్లో రంగులు వేరేలా ఉన్నాయండి. గ్రీన్ జత 3లో ఒకటి, 6లో ఒకటి ఉంది" అన్నాడు. "పాతికేళ్లుగా వైర్లలో ఉన్నాను, నువ్వు నాకు రంగులు నేర్పుతావా?" అన్నాను.

తర్వాతి ఆదివారం ఎవరూ లేనప్పుడు టార్చి వేసి చూశాను. వాడు చెప్పింది నిజం. 3, 6 ఒకే జత కావాలి, ఒకదానితో ఒకటి మెలేసుకుని రావాలి. ఆ మెలికే బయటి రొదని చంపేది. నా వరసలో 3 ఆరెంజ్ జత నుంచి వచ్చింది, 6 గ్రీన్ జత నుంచి. తీగ తీగకీ కలిసింది కాబట్టి టెస్టర్ లైటు వెలుగుతుంది. జత మాత్రం విడిపోయింది. విడిపోయిన జత పక్క జతల మాటలన్నీ వింటుంది. పాతరోజుల్లో ఫోన్ ఎత్తితే ఎవరో ఇద్దరి మాటలు వినపడేవి, గుర్తుందా? క్రాస్ టాక్. దాని మీద కంప్లయింట్లు సరిచేస్తూనే సగం సర్వీసు గడిపాను. చివరికి నా చేత్తోనే ఇరవై నాలుగు వైర్లలో క్రాస్ టాక్ అల్లి పెట్టాను.

వరస మార్చి అన్నీ సరిచేశాను, వెనక వరస పరిగెత్తింది. ఆ కుర్రాడు అప్పటికే మానేసి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్నని వెతుక్కుని వెళ్లి 600 ఇచ్చాను. ఎందుకిస్తున్నానో చెప్పలేదు. "కాలేజీ వాళ్లు పంపారు" అన్నాను. 2020 జనవరి 31న నేను వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్న రోజు అందరూ నా పనితనం గురించి మాట్లాడుతుంటే నాకు గుర్తొచ్చింది వాడే.

అందుకని మీ ఎలక్ట్రీషియన్ కుర్రాడి డబ్బులు శనివారం లోపు ఇచ్చెయ్యి. తప్పు వాడిదే అయినా సరే. వాళ్లు కరెంటు పని నేర్చుకున్నవాళ్లు, ల్యాన్ వైరు వాళ్లకి ఎవరూ నేర్పరు. నాకే ఎవరూ నేర్పలేదు. వాడితో గట్టిగా మాట్లాడానని మీ అమ్మతో అన్నావట, ఏమన్నావో నేను అడగను.

రంగుల వరస రాస్తున్నాను, ఫ్రిజ్ మీద అంటించుకో: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండు కొసలా ఇదే. కొస దగ్గర మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పకు, అందంగా కనిపించాలని జానెడు విప్పేస్తారు కొందరు.

ఫేస్‌ప్లేట్ విప్పి రెండు కొసల ఫోటోలు పంపు, దగ్గరగా, లైటు వేసి. ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తాను. సాకెట్లో తీగల్ని నొక్కి బిగించే నా క్రోన్ టూల్ ఇంకా ఉంది, సంచిలో పెట్టుకున్నాను. క్రింపింగ్ మాత్రం నువ్వే చెయ్యాలి, నా చేతులు ఈ మధ్య కొంచెం వణుకుతున్నాయి. రంగులు పైకి చదువుతూ వెయ్యి, నేను పక్కన కూర్చుని వింటాను. ఆ కుర్రాడికి వీలుంటే వాణ్ణి కూడా రమ్మను, మీ అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతోంది, ముగ్గురికీ సరిపోతుంది.

నిచ్చెన మాత్రం ఈ లోపల ఎవరిదో వాళ్లకి ఇచ్చెయ్యి.

మీ మావయ్య