ఖాళీ పికప్ వెనక టకటక శబ్దం: ఎక్కడ వెతకాలి?

చిత్తూరులో తోతాపురి లోడు దించి ఖాళీగా తిరిగొస్తుంటేనే వెనక టకటకమంటోంది, లోడుంటే వినిపించదు అంటున్నారు. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. బరువు పడితే కమాన్ పట్టీల (బండి బరువు మోసే వంపు ఇనుప పట్టీలు) దగ్గరి లూజు బిగుసుకుంటుంది, ఖాళీ బండి ఎగిరితే బయటపడుతుంది.

ముందు ఖర్చులేని పని. వెనక డోరు గొళ్ళెం సందులో పాత సైకిల్ ట్యూబు ముక్క కుక్కి, అదే గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరగండి. సీటు కింద జాకీ రాడ్డు కూడా చూడండి. నేను రెండు రోజులు టెన్షన్ పడి వెతికిన శబ్దం చివరికి అదే!

అయినా తగ్గకపోతే చక్రాలకు రాళ్ళు పెట్టి, పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ చూడండి. గడ్డపారతో మెల్లగా ఎత్తితే పిన్ను ఆడుతుందా? పక్కన తుప్పు పొడి రాలిందా? అయితే పిన్ను చుట్టూ ఉండే బుష్ (చిన్న గొట్టం లాంటి తొడుగు) అరిగినట్టే. పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టు నట్లు, షాక్ అబ్జార్బర్ బుష్‌లు కూడా అప్పుడే చూసేయండి.

నిలబెట్టి రేస్ చేసినా శబ్దం వస్తే ముందు సైలెన్సర్ క్లాంపును అనుమానించండి. వేగంతో పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే రాడ్డు) క్రాస్‌ను, అంటే దాని కీలును అనుమానించాలి. దాన్ని తేల్చుకోవడానికి భాకరాపేట ఘాట్‌లో న్యూట్రల్‌లో మాత్రం దిగకండి.