వేరేవాళ్ల బొమ్మలు గీస్తూ బతకొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఖాళీ దొరికితే చాలు స్పైడర్‌మ్యాన్, డోనాల్డ్ డక్, జపాన్ కార్టూన్ల బొమ్మలు వేస్తూ కూర్చుంటుంది. ఇంజినీరింగ్ వద్దట, కామిక్స్, యానిమేషన్ లైన్‌లోకి వెళ్తుందట. ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడేళ్ల యానిమేషన్ కోర్సుకి 9 లక్షలు అడుగుతున్నారు. పెద్ద పెద్ద హాలీవుడ్ పాత్రల మీద పని చేసే ఉద్యోగం వస్తుందంటున్నారు. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మంచిదా, ఇది మంచిదా? అసలు ఎవరో పుట్టించిన బొమ్మల్ని కాపీ కొట్టడం కూడా కెరీరేనా? పరీక్షలయ్యేదాకా ఆమె డ్రాయింగ్ పుస్తకాలు అటక మీద పెట్టేశాను.
ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సార్, మీరు కోర్సు గురించి అడిగారు కానీ మీ దిగులు వేరే ఉంది. పిల్ల జీవితమంతా ఎవరి బొమ్మలకో రంగులు వేసుకుంటూ, తనకంటూ పేరూ డబ్బూ లేకుండా మిగిలిపోతుందేమోనని భయపడుతున్నారు. ప్రతి ఏడాదీ ఇంటర్ పరీక్షల ముందు నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. అందుకే ముందు ఆ భయానికే జవాబు చెబుతాను.

అసలు కామిక్ పుస్తకం పుట్టిందే వేరేవాళ్ల బొమ్మలతో. 1933లో అమెరికాలో ఈస్టర్న్ కలర్ అనే ప్రింటింగ్ కంపెనీ, అప్పటికే పేపర్లలో వచ్చేసిన కార్టూన్ స్ట్రిప్పుల్ని హక్కుదారుల అనుమతితో తీసుకుని చిన్న పుస్తకంగా అచ్చేసింది. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గాంబుల్ దాన్ని కూపన్లు పంపినవాళ్లకి ఉచితంగా పంచింది. మరుసటి ఏడాది అలాంటి పుస్తకాలే 10 సెంట్లకి షాపుల్లోకి వచ్చాయి. 1935లో మాల్కమ్ వీలర్-నికల్సన్ అనే ఆయన పూర్తిగా కొత్త కథలతో పత్రిక పెట్టాడు. పేరున్న స్ట్రిప్పుల హక్కులు అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో ఉండటం దానికి ఒక ముఖ్య కారణం. లైసెన్స్ తీసుకుని అచ్చేయడమే ముందు వచ్చింది, సొంత పాత్రలు తర్వాత వచ్చాయి.

ఆ హక్కులో ఎంత డబ్బుందో అంతకు ముప్పై ఏళ్ల ముందే తెలిసిపోయింది. రిచర్డ్ అవుట్‌కాల్ట్ 1902లో బస్టర్ బ్రౌన్ అనే అల్లరి పిల్లాడి కార్టూన్ మొదలుపెట్టాడు. 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ వాడుకునే హక్కుని ఎన్నో కంపెనీలకు అమ్మాడు. ఆ పిల్లాడి పేరుతో బూట్లు దశాబ్దాలపాటు అమ్ముడయ్యాయి. ఆయన పత్రిక మారినప్పుడు గొడవ కోర్టుకెక్కింది. చివరికి శీర్షిక పాత పత్రికకు మిగిలింది, పాత్రల్ని గీసుకునే వీలు ఆయనకు దక్కింది.

ఇప్పుడు మీ అమ్మాయి గీస్తున్న డోనాల్డ్ డక్ దగ్గరికి వద్దాం. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వెస్టర్న్ ప్రింటింగ్ కంపెనీ డిస్నీ, వార్నర్, టార్జాన్, లోన్ రేంజర్ లాంటి పేర్లకి లైసెన్సులు తీసుకుని పుస్తకాలు తయారుచేస్తే, డెల్ కంపెనీ వాటిని అమ్మేది. 1950ల మొదట్లో వాళ్ల డిస్నీ మాసపత్రిక నెలకి 30 లక్షల కాపీలు దాటింది. ఆ పుస్తకాల్లో బాతు కథలు గీసినవాళ్లలో ముఖ్యుడు కార్ల్ బార్క్స్. 1942లో డిస్నీ స్టూడియో ఉద్యోగం మానేసి, పేజీకింత అని డబ్బు తీసుకుంటూ ఇంట్లో కూర్చుని కథ రాసి బొమ్మలు వేసేవాడు. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలు ముందేసుకుని కొండలు, శిథిలాలు, ఓడలు చూసి గీసేవాడు. బాతు మూతి డిస్నీది. ఆ బాతు ఎక్కిన కొండ, దాని పిసినారి మేనమామ అంకుల్ స్క్రూజ్ ఈయన ఊహ. 1947లో స్క్రూజ్‌ని పుట్టించింది ఈయనే.

అయినా పుస్తకంలో ఎక్కడా ఆయన పేరు వేయలేదు. పేరు తెలియని పాఠకులు గీత చూసి గుర్తుపట్టి, బాతుల్ని బాగా వేసే ఆర్టిస్టు అని చెప్పుకునేవాళ్లు. 1960 ప్రాంతంలో కొందరు అభిమానులు ఆరా తీసి ఆయన్ని కనుక్కున్నారు. 1966లో రిటైరయ్యాక ఆ బాతుల్నే ఆయిల్ పెయింటింగులుగా వేసి అమ్ముకోవాలనుకుంటే డిస్నీ అనుమతి కావాల్సి వచ్చింది. 1971లో ఇచ్చారు. తాను పుట్టించిన స్క్రూజ్‌ని గీసి అమ్ముకోవడానికి కూడా ఆయన పర్మిషన్ అడగాల్సిందే.

‘చూశారా, నేను చెప్పిందే నిజమైంది’ అని మీరు అనుకోకండి. సొంత పాత్ర సృష్టించినవాళ్లకి ఇంకా అన్యాయం జరిగింది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో 13 పేజీల సూపర్‌మ్యాన్ కథని 130 డాలర్లకి హక్కులతో సహా ఇచ్చేశారు. రెండు మూడేళ్లలో సూపర్‌మ్యాన్ రేడియోలోకి, సినిమా హాళ్లలోకి వెళ్లాడు. ఆ ఇద్దరికీ పెన్షన్ రావడానికి 1975 దాకా పోరాటం తప్పలేదు. అదే కాలంలో మార్జ్ అనే పేరుతో బొమ్మలు వేసిన మార్జరీ హెండర్సన్ బ్యూల్ 1935లో లిటిల్ లూలూ అనే పాపని సృష్టించి, హక్కు తన దగ్గరే ఉంచుకుంది. కామిక్ పుస్తకాలకి, టిష్యూ పేపర్ ప్రకటనలకి లైసెన్స్ ఇచ్చింది. 1971లో తనకి కావాల్సినప్పుడు వెస్టర్న్‌కే అమ్మింది. లూలూ పుస్తకాల కథలు రాసింది జాన్ స్టాన్లీ అనే ఇంకో గొప్ప పనివాడు, ఆయన పేరూ అచ్చులో లేదు. కాబట్టి బొమ్మ ఎవరిదని కాదు, కాగితం మీద ఏం రాసుకున్నారని చూడాలి. ఆ కాగితం చదవడం మీ అమ్మాయికి 18 ఏళ్లకే నేర్పించండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో ఉండగా గీసింది కంపెనీకే చెందుతుంది. హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే లెక్క.

ఇక మీతో ఒక మాట. పుస్తకాలు అటక మీద పెట్టి తప్పు చేశారు సార్. గంట సేపు బొమ్మ వేసుకుంటే మార్కులు పోవు. దొంగతనంగా వేసుకోవాల్సి వస్తే మాత్రం చదువు మీదా మనసు నిలవదు, మీ మీదా నమ్మకం ఉండదు. కాపీ కొడుతోంది అన్నారు, ఒక్కసారైనా పక్కన కూర్చుని చూశారా? ఫోన్‌లో ఉన్న పోజునే దించుతోందా, లేక స్పైడర్‌మ్యాన్‌ని ఖమ్మం బస్టాండ్‌లో నిలబెట్టి కొత్త పని చేయిస్తోందా? మొదటిది అభ్యాసం, రెండోదే ఈ వృత్తి. ఒకే పాత్రని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి పోలిక చెడకుండా వేయగలుగుతోందా, చేతులు, పాదాలు తప్పించుకోకుండా వేస్తోందా అని చూడండి. లైసెన్స్ బొమ్మలు గీయించేవాళ్లు ముందు పరీక్షించేది అదే.

ఆ 9 లక్షల కోర్సు మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, దాచను. హాలీవుడ్ పాత్రల మీద పని అంటే ఇక్కడ చాలామంది ఫ్రెషర్లకి మొదట దొరికేది రోటో, పెయింట్. నటుడి అంచు వెంట ఫ్రేము తర్వాత ఫ్రేము గీత గీసి వెనక దృశ్యం నుంచి వేరుచేయడం, తాళ్లు, వైర్లు చెరపడం. నిజాయితీ గల పనే, కానీ మీ అమ్మాయి ఇష్టపడే డ్రాయింగ్‌కి అందులో చోటు తక్కువ. సాఫ్ట్‌వేర్ ముందుగా చొరబడుతున్నదీ ఆ పనిలోకే. 2025 ఫిబ్రవరిలో సినిమాలకి విజువల్ ఎఫెక్ట్స్ చేసే టెక్నికలర్ కంపెనీ మూతపడ్డప్పుడు మన దేశంలోనే వేలమంది రోడ్డున పడ్డారు. వాళ్లెవరూ పని రానివాళ్లు కాదు. ఎక్కడో ఉన్న యజమాని పాత్రల మీద, ఎక్కడో కుదిరిన ఒప్పందం మీద ఆధారపడితే ఆ రిస్క్ ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టి దాంట్లోకి దిగకండి.

బీఎఫ్‌ఏ విషయానికొస్తే, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్ ఉంది, యానిమేషన్ కూడా ఉంది. నాలుగేళ్లు చేతితో గీయిస్తారు. అక్కడ సీటొస్తే నేను రెండో ఆలోచన చేయను. డిజైన్ ఎంట్రన్సులు కూడా రాయించండి. తేదీలు, సిలబస్ అమ్మాయికి మీకంటే బాగా తెలిసే ఉంటాయి. ఈ ఏడాది రాకపోతే కొంపలు మునగవు, మంచి పోర్ట్‌ఫోలియోతో, అంటే తను వేసిన మంచి బొమ్మలన్నీ ఒకచోట పెట్టిన ఫైలుతో, వచ్చే ఏడాది మళ్లీ రాయొచ్చు.

అయినా ఆ ఇన్‌స్టిట్యూటే కావాలనిపిస్తే, పోయిన రెండేళ్లలో చదివి బయటికొచ్చిన పదిమందితో మాట్లాడించమనండి. అమ్మాయినే మాట్లాడనివ్వండి. రోజంతా ఏం పని చేస్తున్నారు, చేతికి జీతం ఎంతొస్తోంది, ఉద్యోగంలో చేరేటప్పుడు ఏ కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు అని అడగమనండి. మాట్లాడించడానికి సాకులు చెబితే అడ్వాన్స్ కట్టకుండా లేచి వచ్చేయండి.