టీ కణాల మీద సెమినార్ చెప్పబోయే బుజ్జికి

విశాఖపట్నం

బుజ్జీ,

రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలు యాంటిజెన్‌ను, అంటే శరీరం గుర్తుపట్టే పదార్థాన్ని, ఎలా గుర్తుపడతాయన్న సెమినార్ నీ మీద పడిందనీ, టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇన్నేళ్లు మైక్రోబయాలజీ చెప్పినవాణ్ని కదా, ఈ పాఠం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో నాకు తెలుసు. సీడీ3, సీడీ4, సీడీ28 అంటూ టీ కణం పైపొర ప్రోటీన్ల పేర్ల పట్టికతో మొదలుపెడతారు. రెండో స్లైడ్‌కే సగం క్లాసు ఫోన్లలోకి వెళ్లిపోతుంది.

నువ్వు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టు: టీ కణానికి అసలు ఏం కనిపిస్తుంది? యాంటీబాడీ అయితే రక్తంలో తిరుగుతున్న వైరస్‌ను ఉన్నదున్నట్టే పట్టుకుంటుంది. మామూలు టీ కణానికి ఆ వీలు లేదు. మన కణాల పైపొర మీద ఎంహెచ్‌సీ అనే మన సొంత ప్రోటీన్ ఉంటుంది. దాని గాడిలో ఇమిడిన చిన్న పెప్టైడ్ ముక్కనే, అంటే ప్రోటీన్ తునకనే, టీ కణం చూడగలదు. ముక్కనూ గాడినీ కలిపి చూస్తేనే గుర్తుపడుతుంది. సెమినార్ మొత్తం ఈ మాట చుట్టూ తిప్పు.

ఈ సంగతి ఎలా బయటపడిందో తీరిగ్గా చెప్పు. 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ ఎలుకలకు ఎల్‌సీఎం అనే వైరస్ ఎక్కించి, వాటి టీ కణాలు తీసి చూశారు. వైరస్ సోకిన కణాలను అవి చంపాయి, కానీ ఆ కణాలది తమ ఎంహెచ్‌సీ రకమే అయినప్పుడు మాత్రమే. వేరే ఎంహెచ్‌సీ ఉన్న ఎలుక కణాల్లో అదే వైరస్ ఉన్నా పట్టించుకోలేదు. దీనికే 1996లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మరి ఎందుకలా అన్నది 1987లో పమేలా బ్యోర్క్‌మన్ బృందం హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అనే మనిషి ఎంహెచ్‌సీ స్ఫటికాన్ని ఎక్స్‌రేలతో చూపించినప్పుడు కళ్లకు కట్టింది. పైన ఒక గాడి, ఆ గాడిలో ఎంహెచ్‌సీకి చెందని పదార్థమేదో ఉంది. వాళ్లు చేర్చింది కాదు, కణం నుంచి దానితోపాటే వచ్చిన పెప్టైడ్లు! నాకైతే ఈ పాఠంలో ఇంతకన్నా అందమైన ఘట్టం లేదు.

ముక్కలు ఎంహెచ్‌సీ మీదికి చేరే దారులు రెండూ బోర్డు మీద నీ చేత్తోనే గియ్యి, గూగుల్ బొమ్మలు వద్దు. కణం లోపల తయారైన ప్రోటీన్‌ను ప్రోటియాజోమ్ అనే కోత యంత్రం ముక్కలు చేస్తుంది. టాప్ అనే రవాణా ప్రోటీన్ వాటిని ఈఆర్ అనే కణంలోని గదిలోకి పంపితే, 8 నుంచి 10 అమైనో ఆమ్లాల ముక్క క్లాస్ 1 రకం ఎంహెచ్‌సీ గాడిలో కూర్చుంటుంది. దాన్ని చూసేది సీడీ8 ఉన్న టీ కణం. బయటి నుంచి మింగినవి ఎండోజోములనే సంచుల్లో తెగి, కాస్త పొడవు ముక్కలుగా క్లాస్ 2 రకం ఎంహెచ్‌సీ మీదికి చేరతాయి. అక్కడ సీడీ4 ఉన్న టీ కణం చూస్తుంది. తికమకపడితే, సీడీ అంకెను క్లాస్ అంకెతో గుణిస్తే వచ్చే ఎనిమిది గుర్తుపెట్టుకో: నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది ఒకట్లు ఎనిమిది. టీ కణాలకు ముక్కలు చూపించే డెండ్రైటిక్ కణాలు బయటి ముక్కలను క్లాస్ 1 మీద కూడా పెడతాయని ఎవరైనా లేచి అంటే, అదీ నిజమే అని ఒప్పుకుని ముందుకు వెళ్లు.

తాళం, తాళంచెవి స్లైడ్ మాత్రం పెట్టకు. ముక్కను పట్టే టీ కణ గ్రాహకం పట్టు బలహీనం, చాలాసార్లు క్షణాల్లోనే వదిలేస్తుంది. పైగా ఒకే గ్రాహకం ఒకదానికొకటి పోలిన పెప్టైడ్లను చాలానే గుర్తించగలదు. అయినా పని జరుగుతోందంటే సీడీ4 లేదా సీడీ8 తోడు ఉండబట్టే, లోపల లక్, జాప్-70 అనే ఎంజైములు సంకేతాన్ని పెంచబట్టే. తొలిసారి మేల్కొనే టీ కణానికి సీడీ28 ద్వారా రెండో సంకేతం కూడా కావాలి. అది ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఒక రోజు పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి వెళ్లి, టీబీ కోసం చేతి చర్మంలోకి సూది వేసే మాంటూ టెస్టు చూసేటప్పుడు పక్కన నిలబడు. 48 నుంచి 72 గంటల తర్వాత చేతి మీద గట్టిపడ్డ వాపును కొలుస్తారు, ఎరుపును కాదు. ఆ వాపు తెచ్చేది, క్లాస్ 2 మీద టీబీ ప్రోటీన్ ముక్కలను గుర్తుపట్టిన పాత సీడీ4 కణాలే. క్లాసులో ఇది చెప్పావంటే వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

మీ మేడమ్ అడగబోయే ప్రశ్నలు రెండు. మన కణాలు మన ముక్కలను కూడా చూపిస్తూనే ఉంటాయి కదా, వాటి మీద దాడి ఎందుకు జరగదు? టీ కణాలు ఎదిగే థైమస్ గ్రంథి దగ్గరికి వెళ్లు. సొంత ఎంహెచ్‌సీని అసలు పట్టలేనివీ, సొంత ముక్కలను మరీ గట్టిగా పట్టేవీ అక్కడే చాలావరకు చస్తాయి. రెండోది కొంచెం కొంటెది: టీ కణం సొంత ఎంహెచ్‌సీనే చూస్తుందంటే, మార్చిన కిడ్నీ మీద ఎందుకు తిరగబడుతుంది? పరాయి ఎంహెచ్‌సీ, దానిలోని ముక్క కలిసి మన టీ కణాల్లో చాలావాటికి, తాము వెతుకుతున్న జతలాగే కనిపిస్తాయి. థైమస్‌లో ఆ పరాయి ఎంహెచ్‌సీని చూపించి వడకట్టే అవకాశమే రాలేదు మరి.

ఆదివారం వచ్చేటప్పుడు నువ్వు గీసిన బొమ్మ తీసుకురా, దిద్దుదాం. మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది.

మీ పెద్దనాన్న