మారుతుందా, మారుస్తుందా, మార్చబడుతుందా?

సందేహం: ఎస్‌ఈలినక్స్‌లో (లినక్స్‌లో ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో నియమాలతో తేల్చే భద్రతా ఏర్పాటు) ప్రాసెస్‌లకు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లకు, ఫైళ్లకు ఉండే భద్రతా లేబుళ్లను చదివే, మార్చే ఫంక్షన్ల గురించి తెలుగులో నోట్స్ రాస్తున్నాను. 'సెట్‌కాన్ ద్వారా ప్రాసెస్ లేబుల్ మార్చబడుతుంది' అని రాస్తే అది తెలుగే కాదన్నారు ఒకరు. నిజమేనా? మరి ఎలా రాయాలి?

సమాధానం: తెలుగే కాదనడం కాస్త ఎక్కువే. కనబడు, వినబడు లాంటివి మనం రోజూ వాడేవే. కానీ 'మార్చబడుతుంది' అన్నారంటే ఎవరు మార్చారు, ఎవరిది మార్చారు అన్నది వాక్యంలోంచి జారిపోతుంది. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో తేల్చడానికే పుట్టిన ఏర్పాటు గురించి రాస్తూ అదే చెప్పకపోతే ఎలా?

సెట్‌కాన్‌నే తీసుకోండి. దాన్ని పిలిచిన ప్రాసెస్ లేబులే మారుతుంది, పక్క ప్రాసెస్‌ది కాదు. అందుకే 'ప్రాసెస్ సెట్‌కాన్‌తో తన లేబుల్ మార్చుకుంటుంది' అనండి, ఆ 'కొను' ఒక్కటీ సగం వివరణ ఇచ్చేస్తుంది. అయితే 'మార్చుకోవచ్చు' అని మాత్రం వద్దు, అనుమతి ఉన్నట్టు వినిపిస్తుంది. పాలసీ, అంటే ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే నియమాలు, ఒప్పుకుంటేనే మార్చుకోగలదు.

సెట్‌ఫైల్‌కాన్ పని ఫైల్ మీద కాబట్టి అక్కడ 'మారుస్తుంది' సరిపోతుంది. ఒక ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు, కోడ్‌లో ఎవరూ ఏమీ అడక్కుండానే, పాలసీలో రాసి ఉన్న నియమాన్ని బట్టి ప్రాసెస్‌కు వేరే లేబుల్ వస్తుంది చూడండి, అక్కడ 'మారుతుంది' చక్కగా కుదురుతుంది. సెట్‌ఎగ్జెక్‌కాన్‌కు మాత్రం ఈ మూడూ పనికిరావు. అది ఇప్పటి లేబుల్ జోలికే పోదు, తర్వాత ఎగ్జెక్‌వీఈ (ప్రాసెస్‌లో కొత్త ప్రోగ్రామ్‌ను నడిపించే కాల్) పిలిచినప్పుడు కొత్త ప్రోగ్రామ్ ఏ లేబుల్‌తో నడవాలో ముందే చెప్పి ఉంచుతుంది, అంతే.

ఫ్రీకాన్ దగ్గర ఇంకా జాగ్రత్త. 'లేబుల్ తొలగించబడుతుంది' అని రాశారంటే చదివినవాళ్లు ఫైల్‌కున్న లేబులే పోయిందనుకుని కంగారుపడతారు. ఫైల్ లేబుల్‌ను చదివే గెట్‌ఫైల్‌కాన్ మనకిచ్చేది ఒక కాపీ, ఆ కాపీకి తీసుకున్న మెమరీని ఫ్రీకాన్ వదిలేస్తుంది. ఫైల్‌కున్న లేబుల్ దాని ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్‌లో (ఫైల్‌తో పాటు దాచే అదనపు సమాచారంలో) అలాగే ఉంటుంది.

ఇంకొకటి, మీరు అడగకపోయినా. సెట్‌ఫైల్‌కాన్ పని జరగలేదని -1 ఇచ్చినప్పుడల్లా 'అనుమతి నిరాకరించబడింది' అని రాసేస్తుంటారు. 'అనుమతి లేదు' అంటే చాలు. అదీ ప్రతిసారీ నిజం కాదు, అసలు ఆ ఫైలే లేకపోయినా -1 వస్తుంది. ఎందుకు జరగలేదో చెప్పే ఎర్‌నోలో ఏముందో చూశాకే ఆ వాక్యం రాయండి.