ట్రెయిలరే కొంప ముంచింది

ప్రశ్న: 'టెర్మినేటర్' మొదటి రెండు భాగాలంటే నాకు ప్రాణం. 2015లో వచ్చిన 'జెనిసిస్' ఈమధ్యే చూశాను. ష్వార్జ్‌నెగర్ ఉన్నా ఇంత చప్పగా ఉందేమిటండీ?

జవాబు: ఆయనేం చేస్తాడండీ పాపం, ఉన్నంతలో ఆయనే నయం! మనుషులంతా ఆశలు పెట్టుకున్న జాన్ కానర్‌నే యంత్రంగా మార్చేశారు. సరే, ఆ మలుపైనా దాచుకున్నారా? విడుదలకు ముందే ట్రెయిలర్‌లో చూపించేశారు. ఇక హాల్లో ఉలిక్కిపడేదెవరు? 1984 నాటి మొదటి భాగం సన్నివేశాలను మళ్లీ తీసి తారుమారు చేయడం మొదట్లో సరదాగానే ఉంటుంది. తర్వాత ఎవరు ఏ కాలం నుంచి వచ్చారో లెక్క చూసుకోవడంతోనే సరిపోతుంది, భయపడే తీరికేదీ?

1991 నాటి రెండో భాగంలో ఆసుపత్రి ఊచల సీను గుర్తుందా? కరిగిన లోహంలా మారగల విలన్ యంత్రం టీ-1000 ఒళ్లు ఊచల్లోంచి జారి ఇవతలికి వచ్చేస్తుంది, చేతిలో తుపాకీ మాత్రం టక్కున తట్టుకుంటుంది. దాన్ని కాస్త తిప్పి లాక్కుంటాడు. గ్రాఫిక్స్ అంటే అదీ! 'జెనిసిస్'లో గోల్డెన్ గేట్ వంతెన మీద బస్సు పల్టీ కొట్టినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

మొదటి రెండు భాగాల్లో జాన్ తల్లి సారాగా వేసిన లిండా హామిల్టన్ కోసమైనా ఇదే వరుసలో 2019లో వచ్చిన 'డార్క్ ఫేట్' చూడండి. కాకపోతే మొదటి కొన్ని నిమిషాలు గుండె రాయి చేసుకోవాలి.