బోటుకు 600 డాలర్లే, ట్రిప్పుకు మాత్రం 1,250: కరీబా వెళ్లాలనుకుంటున్న లుసాకా కుటుంబానికి

జాంబియా రాజధాని లుసాకా నుంచి ఒక పాఠకుడు మే నెలలో రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"ఇక్కడ ఒక హోల్‌సేల్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. భార్య, పదో క్లాసు చదివే పాప, ఆరో క్లాసు బాబు. నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి అక్టోబరు 24 సెలవు చూసుకుని కరీబా లేక్‌లో హౌస్‌బోటు తీసుకుని నాలుగు రాత్రులు చేపల వేటకు వెళ్దామనుకుంటున్నాం. బోటుకు మొత్తం 2,400 డాలర్లు, కుటుంబానికి 600. నెలకు 500 డాలర్లు మిగులుతాయి కానీ చేతిలో ఉన్నది ఒక్క నెల ఖర్చుకు సరిపడా మాత్రమే. ఇండియాలో 5 లక్షల ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ ఉంది, 7 శాతానికి వేసి పది నెలలైంది. అది తీయాలా, విజయవాడలో బావమరిది పేరు మీద కడుతున్న చీటీ పాడుకోవాలా, ఇక్కడే 29 శాతానికి జీతం లోను తీసుకోవాలా? వచ్చే వారం సగం అడ్వాన్సు నా కార్డు మీద కట్టాలి, బుకింగ్ నా పేరు మీదే. ఇంకోటి, మంచి ఫిషింగ్ రాడ్ 300 డాలర్లు అంటున్నారు, కొనొచ్చా?"

వెళ్లండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కిందంతా చదివి ఈయన వద్దంటున్నాడని అనుకుంటారు. నేనూ ఆరేళ్లు లుసాకాలో లెక్కలు రాసి వచ్చినవాణ్ణే. రాత్రిపూట బోటు పై డెక్ మీద పరుపేసుకుని పడుకుంటే దూరంగా కపెంటా పట్టే రిగ్గుల (వేట పడవల) దీపాలు నీళ్ల మీద వరసగా, మన ఊరి తిరునాళ్లలో కొట్ల దీపాల్లా కనిపిస్తాయి. పిల్లలు అది ఒక్కసారైనా చూడాలి. (కపెంటా అంటే తెలియనివాళ్లకి: మన నెత్తళ్లకు చుట్టం. 1960ల చివర్లో టాంగన్యికా సరస్సు నుంచి తెచ్చి వదిలారు, ఇప్పుడు కరీబా బతుకంతా దాని మీదే. ఎండబెట్టింది తెచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయిస్తే మా ఇంట్లో ఎవరూ అది ఆఫ్రికా చేప అనేవారు కాదు.)

అయితే మీరు అడిగిన మూడు దారుల్లో ఒక్కటీ పనికిరాదు.

డిపాజిట్ సంగతి మొదట. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ను, అంటే విదేశాల్లో సంపాదించింది ఇండియాలో వేసుకునే డిపాజిట్‌ను, ఏడాది నిండకముందే తీస్తే వడ్డీ పైసా రాదు. తక్కువ రావడం కాదు, అసలు రాదు. మీ బ్యాంకు కొంత తీసుకోనివ్వదు, మొత్తం క్లోజ్ చేయాల్సిందే అని ఉత్తరంలో ఇంకోచోట మీరే రాశారు. అంటే లక్ష రూపాయల విహారం కోసం ఐదు లక్షల మీద పది నెలల వడ్డీ, సుమారు 29 వేలు, వదిలేసుకోవడం. పైగా ఆ వడ్డీకి ఇండియాలో పన్ను కూడా లేదు. రెండు నెలలు ఆగితే చేతికొచ్చే డబ్బు అది, పాప ఇంటర్ తర్వాత చదువుకు వేసింది. దాని జోలికి వెళ్లకండి. చీటీ ఇప్పుడు పాడితే లక్షకు పైగా తగ్గించుకుని పాడాలని మీ బావమరిదే అన్నాడట కదా, ఆయన పేరు మీద వచ్చిన రూపాయలు లుసాకాలో డాలర్లుగా మారి మీ చేతికి రావడం ఇంకో కథ. ఇక 29 శాతం లోను తీసుకుని చేపలు పట్టడానికి వెళ్లేవాడికి గాలం ఎవరు ఎవరికి వేశారో తర్వాత ఈఎంఐలు కడుతుంటే తెలుస్తుంది.

మీ దగ్గర నాలుగో దారి ఉంది, అది మీకు తట్టలేదు: ఇంకా ఐదు నెలల టైముంది. కానీ అక్కడికి వచ్చే ముందు ఆ 600 లెక్క సరిచేయాలి, ఎందుకంటే ఇలాంటి ట్రిప్పుల్లో అందరూ జారేది అక్కడే.

2,400 అనేది బోటు, పడకలు, కెప్టెన్, వంటవాడు, ఒక సహాయకుడు, అంతే. మీకు పంపిన కాగితంలో ఇంధనం వేరు అని చిన్న అక్షరాల్లో ఉంది, చూశారా? పెద్ద బోటు ఇంజిన్లకూ జనరేటర్‌కూ కలిపి డీజిల్ 450 డాలర్లు అనుకోండి. వేటకు వాడేది పెద్ద బోటు కాదు, దాని వెనక కట్టుకొచ్చే చిన్న బోట్లు, వాటి పెట్రోలు ఒక 200. పదహారు మందికి తిండి, తాగే నీళ్లు, ఐసు, బొగ్గులు 500. సిబ్బందికి టిప్పు 150. ఫిషింగ్ లైసెన్సులు, ఎరలు, పోయిన గాలాలు 100. మొత్తం 3,800, తలా 950. మీ కారు లుసాకా నుంచి బోటెక్కే ఊరు, జాంబియా ఒడ్డున ఉన్న సియావోంగా పోయి రావడం, మలేరియా మాత్రలకు డాక్టరు దగ్గరికి, చిల్లర సామాను కలిపి ఇంకో 210. అనుకోని ఖర్చుకు కొంచెం వేసుకుంటే 1,250. రూపాయల్లో లక్ష దాటుతుంది. నా అంకెలు అటూ ఇటూ కావచ్చు గానీ 600 దగ్గర మాత్రం ఆగదు.

డీజిల్ గురించి ఇంకొంచెం చెప్పాలి, అందులో నా చేయి కాలింది. మేం వెళ్లింది కూడా అక్టోబరే. అక్కడ అది ఎంత మండే నెలో మీకు చెప్పక్కర్లేదు, గదుల్లో ఏసీ ఉందని మురిసిపోయి రాత్రంతా వేసుకుని పడుకున్నాం, ఏసీ నడవాలంటే రాత్రంతా జనరేటర్ నడవాలన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఒడ్డుకు వచ్చాక ఒక నోట్‌బుక్ తెచ్చి జనరేటర్ ఇన్ని గంటలు తిరిగింది అని చూపించారు. కాదనడానికి మా దగ్గర ఏముంది? అందుకే మీరు బోటెక్కగానే చేయాల్సిన మొదటి పని ఫోటోలు దిగడం కాదు, ఫోటో తీయడం. స్టీరింగ్ దగ్గర ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే చిన్న మీటరు ఉంటుంది, కారులో కిలోమీటర్ల అంకెలు ఉన్నట్టే. ఇంజిన్లకో మీటరు, జనరేటర్‌కో మీటరు. ఎక్కేటప్పుడు ఒక ఫోటో, దిగేటప్పుడు ఒకటి, ట్యాంకు కొలత కూడా కెప్టెన్ ఎదురుగానే. ఆయనేమీ అనుకోడు, జాగ్రత్తగా నడిపే కెప్టెన్ అయితే తనే చూపిస్తాడు.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన విషయం. మీరు దాన్ని చివర్లో ఒక ముక్కలో రాసి వదిలేశారు: అడ్వాన్సు మీ కార్డు మీద, బుకింగ్ మీ పేరు మీద. మిగతా ముగ్గురూ మంచివాళ్లే, కాదనను. కానీ సెప్టెంబరులో ఒకరికి ఇండియా వెళ్లాల్సిన పని పడితే బోటు అద్దె తగ్గదు, 2,400 అలాగే ఉంటుంది, ఓనరు అడిగేది మిమ్మల్నే. తిలాపాపం తలా పిడికెడు అంటాం, కాగితం మీద ఒక్క సంతకమే ఉన్నప్పుడు మొత్తం తట్ట మీ నెత్తి మీదే. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, పూర్తిగా రాయను, మీకు తెలుసు. ఈ రాత్రే వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి: "తలా 300 డాలర్లు శుక్రవారం లోపు పంపితేనే బుక్ చేస్తాను. తర్వాత ఎవరైనా మానుకుంటే, వాళ్ల బదులు ఇంకో కుటుంబం దొరికితేనే డబ్బు వెనక్కి." శుక్రవారానికి ముగ్గురివీ రాకపోతే బుక్ చేయకండి. మందు తాగేది రెండు కుటుంబాలే కాబట్టి ఆ లెక్క మొదటి రోజు నుంచీ వేరుగా పెట్టండి, దీని మీద విడిపోయిన స్నేహాలు చూశాను.

డబ్బు కట్టేముందు ఓనరును కూడా ఒకటి అడగండి. నీళ్లు బాగా తగ్గితే ఎక్కే చోటు మారుతుందా, మారితే అక్కడికి చేర్చే ఖర్చు ఎవరిది? కరీబాలో ఇది ఊహాగానం కాదు. 2022 నవంబరులో ఈ డ్యాములో కరెంటుకు వాడుకోగల నీళ్లు 5 శాతం లోపుకు పడిపోయాయి, 2024 కరువు మీరు లుసాకాలో చీకట్లో కూర్చుని చూసిందే. అక్టోబరు అంటే వానలకు ముందు నెల. జవాబు ఫోన్లో కాదు, రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో కూడా అందులోనే అడగండి, మొసళ్లున్న నీళ్లు అవి, ఈతకు దిగే ప్రసక్తే లేదు. కంపెనీ మెడికల్ స్కీములో అత్యవసరంగా లుసాకా తరలించే ఖర్చు ఉందో లేదో మీ హెచ్‌ఆర్‌ను అడగండి.

అవతలి ఒడ్డు, అంటే జింబాబ్వే కరీబా నుంచి బోటు తీసుకుందామని మీ స్నేహితుడొకరు పట్టుబడుతున్నారన్నారు. ఏనుగులు నీళ్లకు దిగే ఆ ఫోటోలు ఎక్కువగా అటువైపు మతుసదోనా నేషనల్ పార్కువే, ఆయన ఆశలో తప్పులేదు. కాకపోతే సరిహద్దు సరస్సు మధ్యలోంచే పోతుంది, సియావోంగాలో ఎక్కిన బోటు ఊరికే అటు దాటదు. అటు ఎక్కాలంటే ఇండియా పాస్‌పోర్టులకు వీసా, కారుకు సరిహద్దులో పర్మిటూ ఇన్సూరెన్సూ, పార్కు ఫీజులు. నలుగురున్న కుటుంబానికి ఇవన్నీ కలిపితే ఇంకో రాత్రి బోటు అద్దెలో మీ వాటా పైనే. మొదటిసారికి సియావోంగా చాలు.

ఇక ఐదు నెలల లెక్క. నాలుగు రాత్రులను మూడు చేయండి. చివరి రోజుకు పిల్లలు ఎలాగూ ఇంటర్నెట్ లేదని మొహం వేలాడేస్తారు. అప్పుడు మీ వాటా సుమారు 1,000 డాలర్లకు దిగుతుంది, నెలకు 200. బోటు ధర డాలర్లలో, మీ జీతంలో సగం జాంబియా క్వాచాల్లో కాబట్టి జీతం పడిన రోజే 200 డాలర్లు కొని విడిగా డాలర్ ఖాతాలో వేయండి, అక్టోబరులో ఒకేసారి కొందాం అనుకోకండి. 2020 మొదట్లో డాలరుకు 14 క్వాచాలు ఉండేది, 2024లో 26 దాటింది, మధ్యలో బాగా దిగి మళ్లీ ఎక్కింది కూడా. అది ఎటు పోతుందో పందెం కాయడం మన పని కాదు.

నెలనెలా మిగిలే 300 ఎక్కడికీ కదలకూడదు. మీ కాంట్రాక్టు మార్చిలో అయిపోతుంది, వర్క్ పర్మిట్ ఉద్యోగంతో ముడిపడింది, రెన్యూవల్ కాకపోతే నలుగురూ టికెట్లు కొనుక్కుని హైదరాబాద్ రావాలి. ఆ టికెట్లు కంపెనీ ఇస్తుందని కాంట్రాక్టులో ఉందా? లేకపోతే మీ అత్యవసర నిధి మూడు నెలల ఖర్చు ప్లస్ నాలుగు టికెట్లు, ఇక్కడున్నవాళ్లకు చెప్పే లెక్క మీకు సరిపోదు. ట్రిప్పు రోజుకు చేతిలో రెండు నెలల ఖర్చయినా లేకపోతే ఈ ఏడు ఆపుకుని, కాంట్రాక్టు చేతికొచ్చాక వెళ్లండి. ఈ షరతు మీ ఆవిడకు కూడా ముందే చెప్పండి, అడ్వాన్సు కట్టాక కాదు. కట్టాక మానుకుంటే మీ వాటా అడ్వాన్సు 300 పోతుంది, అంతవరకే నష్టమని మనసు సిద్ధం చేసుకుని దిగండి.

చివరిగా రాడ్. వద్దు. మీ పక్క కుటుంబంలో ఎవరి దగ్గరో అటక మీద దుమ్ము పట్టిన రాడ్ ఉంటుంది, లేకపోతే బోటువాళ్లను అడిగితే అద్దెకు ఇస్తారు. టైగర్ ఫిష్ నోరు తెరిస్తే రంపమే, మామూలు దారాన్ని పుటుక్కున తెంపేస్తుంది కాబట్టి గాలానికి ముందు కట్టే స్టీలు తీగలు ఒక డజను, తళతళలాడే చెంచా ఎరలు ఒక పది కొనండి. పది ఎందుకంటే 1958లో డ్యాము వల్ల లోయలో నీళ్లు నిలబడటం మొదలైనప్పుడు మునిగిన చెట్లు ఇంకా అడుగున నిలబడే ఉన్నాయి, వేసిన ఎరల్లో సగం చేపలకు కాదు ఆ కొమ్మలకు తగులుకుంటాయి. బాబుకు మాత్రం ఒక చిన్న చవక రాడ్ కొనిపెట్టండి, వాడు డెక్ మీద కూర్చుని వానపాము గుచ్చి బ్రీమ్ చేప పడతాడు, మీరు పొద్దున్నే లేచి టైగర్ కోసం వెళ్లి ఖాళీ చేతులతో వచ్చేసరికి వంటవాడు దానికి పసుపు, ఉప్పు రాస్తూ ఉంటాడు. పసుపు, కారం ఇంటి నుంచి పట్టుకెళ్లండి.